చీమలెక్కిన బొట్టు

బుధవారం మధ్యాహ్నం రెండూ పదికి యజ్ఞనారాయణ కారు దిగేసరికి, మొక్కజొన్న చేల మధ్యనున్న ఆ విమానాల మ్యూజియం గుమ్మంలో షెరీఫ్ ఆఫీసు పోలీసు, డెప్యూటీ హ్యాంక్ డోబ్స్ సంకెళ్ళ జత వేలికి తగిలించుకుని గిరగిర తిప్పుతున్నాడు.

"నాలుగు గంటల దాకా టైమిచ్చాను," అన్నాడు డోబ్స్. "నాలుగింటికి లాబ్ నుంచి ఫోనొస్తుంది. ఆ ఎర్రటిది రక్తమైనా, కాకపోయినా మీవాణ్ణి తీసుకుపోతాను."

"రక్తం కాకపోతే ఎందుకు తీసుకుపోవడం?"

"నిన్నటినుంచీ కాపలా కాస్తున్నాను. మధ్యాహ్నం తిండి కూడా తినలేదు. ఉత్తచేతుల్తో ఎలా పోతాను?"

యజ్ఞనారాయణ ఆ మ్యూజియానికి బీమా చేసిన ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు. పన్నెండేళ్ళుగా ఇల్లినాయ్‌లో కాలిపోయిన గడ్డివాములూ, పిడుగు పడి చచ్చిన ఆవులూ, కాలువలో పడ్డ ట్రాక్టర్లూ ఆయనవే. నిజంగా పిడుగు పడి చచ్చిన ఆవేదో, చచ్చాక పిడుగు పడ్డ ఆవేదో మొహం చూసి చెప్పేవాడు. విమానం కేసు రావడం మాత్రం ఇదే మొదలు.

విమానాలు నిలిపే హ్యాంగర్ లోపల ఒక చెక్కపెట్టె మీద వాసుదేవరావు కూచుని ఉన్నాడు. వారంలో అయిదు రోజులు లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. శనాదివారాలు షామ్‌బర్గ్ నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకొచ్చి ఇక్కడ పాత యుద్ధవిమానాలకు తుప్పు గీకేవాడు. జీతం లేదు, తుప్పంటే అంత ప్రేమ. ఇప్పుడు ఆయన మొహమే తుప్పుపట్టినట్టుంది.

"యజ్ఞనారాయణగారూ, శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి నాకు సిటిజన్‌షిప్ ప్రమాణం. పదేళ్ళు ఎదురుచూశాను. కొత్త సూటు కుట్టించుకున్నాను. ఈలోగా వీడు నన్ను అరెస్ట్ చేశాడంటే సూటు వేసుకోవాల్సింది కోర్టుకే."

"సూటు సంగతి నేను చూస్తాను. ముందు ఆ పోయిందేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి."

వాసుదేవరావు లేచి వేలు చూపించాడు. హ్యాంగర్ మధ్యలో ఉన్నది చూసి యజ్ఞనారాయణ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు ముస్టాంగ్ విమానాల్ని పక్కపక్కన నిలబెట్టి, మధ్యలో ఒకే రెక్కతో అతికినట్టుంది. రెండు ముక్కులు, రెండు తోకలు, రెండు పంకాలు. ఒకే కాడికి కట్టిన ఎడ్లజత.

"యుద్ధం చివర్లో పసిఫిక్ అంత దూరం పోయి రావాలంటే ఒక్క పైలట్ అలిసిపోతాడని ఇలా చేశారు. ఇది ప్రయోగానికి కట్టిన నమూనా. మొదటిసారి రన్‌వే మీద పరిగెత్తిస్తే లేవనంది. ఎంత తొక్కినా లేవదే! నెల్లాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. తీరా చూస్తే, పంకాలు రెండూ మధ్య రెక్క దగ్గర కిందనుంచి పైకి తిరుగుతున్నాయి. దాంతో అక్కడ గాలి పాడైపోతోంది. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చారు. లేచింది."

"అంటే రెండూ ఎదురుబొదురు తిరుగుతాయన్నమాట."

"అదీ! ఎడమవైపుది మామూలుదే. కుడివైపున ఉండేది అపసవ్యంగా తిరిగేది. అలాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది? దాన్ని విప్పుకుపోయి, షెడ్డులో పడున్న మామూలు ముస్టాంగ్ పంకా బిగించారు. నిన్న పొద్దున పదింటికి పెద్ద మ్యూజియం వాళ్ళ నిపుణుడొచ్చి చూసి పట్టేశాడు. రేపు ట్రక్కు తెచ్చి విమానాన్ని వాళ్ళు తీసుకుపోవాలి."

యజ్ఞనారాయణ ఎడమ పంకా రెక్కను అరచేత్తో నిమిరాడు. వెళ్ళి కుడి పంకా రెక్కనూ నిమిరాడు. రెండిటి వంపూ ఒక్కలాగే ఉంది.

"మా పాలెంలో రైసుమిల్లు మోటారుకి వైర్లు అటూ ఇటూ కలిపితే, చెరిగే ఫ్యాను వెనక్కి తిరిగి బస్తాడు ఊక మా మేనమామ మొహాన కొట్టింది," అన్నాడు. "ఇప్పుడు దీన్ని స్టార్ట్ చేస్తే ఒక పక్క ముందుకీ, ఒక పక్క వెనక్కీ లాగుతుంది."

"ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది."

"సరే. ఈ దొంగతనానికీ మీకూ ముడెందుకు పడింది?"

వాసుదేవరావు తల దించుకున్నాడు. "ఆదివారం దసరా. ఆయుధపూజ చేశానండీ."

"దేనికి?"

"దీనికే. నాలుగేళ్ళు ఈ చేతుల్తో తోమాను. ఇంతకన్నా పెద్ద ఆయుధం నాకెక్కడుంది? ఎలాగూ వెళ్ళిపోతోంది కదా అని శారదా, పిల్లలూ, నేనూ వచ్చి రెండు పంకాల రెక్కలకీ పసుపురాసి కుంకుమబొట్లు పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాం. తొమ్మిదికొచ్చి పదకొండున్నరకి తాళంవేసి వెళ్ళాం."

"కొబ్బరికాయో?"

"కొట్టాం. చక్రానికేసి కాదండీ, నేలకేసే కొట్టాం!"

అప్పుడే వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"ఏందన్నా, గడ్డివాములు కాలుడు బందైనయా? ఇమానాల మీద పడ్డవు?"

నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళ దాకా కోటు, చేతిలో జిప్పున్న తోలు పుస్తకం. శ్యామ్‌సుందర్. హైదరాబాద్ నుంచి వచ్చి చికాగోలో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తీసుకున్న ఏకైక తెలుగువాణ్ణని కార్డు మీద అచ్చేయించుకున్నవాడు. మ్యూజియం బోర్డు దొంగను పట్టమని పిలిపించింది ఇతన్నే.

"హ్యాంగర్లో ఎండ ఎక్కువగా ఉందా తమ్ముడూ? కళ్ళద్దాలు తియ్యలేదు."

"నీకు ఆవులు అలవాటన్నా. ఇది నా లైను." శ్యామ్‌సుందర్ పుస్తకం జిప్పు లాగాడు. "లెక్క సాఫు. ఆదివారం తొమ్మిది నుంచి పదకొండున్నర. తాళంచెవి గీయన తాన. వ్యాన్ తెచ్చిండు. లోపల రెండున్నర గంటలున్నడు. సోమవారం మ్యూజియం బంద్. మంగళవారం పంకా మాయం. ఇంకేం గావాలె?"

"ఆ పంకా బరువెంత?"

"రెండొందల కిలోలు."

"ఈయన నడుం చూశావా? పోయిన నెల మా ఇంట్లో పీట మీంచి లేవడానికి ఇద్దరం పట్టుకున్నాం."

"బరువులెత్తే హాయిస్టున్నది గద, గొలుసు లాగితె సరి."

"పక్కన భార్య పులిహోర వడ్డిస్తుంటేనా?"

శ్యామ్‌సుందర్ డోబ్స్ వైపు తిరిగి ఇంగ్లీషులోకి మారాడు. డెప్యూటీ రెండు ప్లాస్టిక్ సంచులు పైకెత్తి చూపించాడు. ఒక్కోదాంట్లో ఒక్కో నిమ్మకాయ. 'ఎ', 'బి' అని చీటీలు అంటించి ఉన్నాయి.

"ఇవి ఏదో తంతుకు సంబంధించినవని మిస్టర్ శ్యామ్ చెప్పారు," అన్నాడు డోబ్స్ గొంతు తగ్గించి. "ఎర్రటి మచ్చలేమో కోడిరక్తం కావచ్చట."

యజ్ఞనారాయణ తెలుగులోకి దిగాడు. "ఏం శ్యామూ, మీ నాన్న స్కూటరుకి దసరాకి బొట్టు పెట్టలేదూ?"

"పెట్టిండు."

"మరి కోడిరక్తమని ఎందుకు చెప్పావు?"

"అది బొట్టని నాకు ఎరుకే అన్నా. ఆయనకు ఎరుక లేదు గద. కేసు జర బరువుండాలె." ఏమాత్రం సిగ్గులేకుండా నవ్వాడు.

"ఆ బరువు ఈయన మెడమీద పడుతోంది."

"నువ్వు దొంగను తెచ్చియ్యి, దించుత."

రెండూ నలభై అయింది. యజ్ఞనారాయణ మ్యూజియం డైరెక్టర్‌ను చూడ్డానికి వెళ్ళాడు.

కల్నల్ ప్రిచర్డ్ గది హ్యాంగర్ మూలన అద్దాల గూడు. అరవై దాటిన మనిషి. ఎదురుగా పేపర్ ప్లేట్‌లో చల్లారిపోయిన బంగాళాదుంపల వేపుడు. చొక్కాజేబులో మనం పెన్నులు పెట్టుకున్నట్టు ఆయన హోటళ్ళలో ఇచ్చే కెచప్ పొట్లాలు పెట్టుకున్నాడు. ఒకటి చింపి, పిండి, తినకుండా అలాగే చూస్తున్నాడు.

"సోమవారం ఎక్కడున్నారు కల్నల్?"

"ఇక్కడే. మూసేసిన రోజు కదా, ఒక్కణ్ణే. హాయిస్టుకి నూనె పెట్టాను."

"ఎవరూ రాలేదా?"

"లేదు. నేను ఇక్కడే ఉంటాను, వెనక గదిలో. నాకు వేరే ఇల్లు లేదు."

గోడమీద ఒక పోలరాయిడ్ ఫోటో గుచ్చి ఉంది. ఆదివారం పూజది. వాసుదేవరావు కుడి పంకాకి బొట్టు పెడుతున్నాడు. చెయ్యి స్పష్టంగా పడింది. ఉంగరపు వేలితో, సన్నగా, గురివిందగింజంత బొట్టు.

"మీరే తీశారా?"

"నేనే. ఆ పంకా అంటే..." కల్నల్ ఫోటోకేసి చూశాడు. "మొదటిసారి అది లేవననప్పుడు నేను రన్‌వే పక్కన నిలబడి ఉన్నాను మిస్టర్ నారాయణ. ఇరవై మూడేళ్ళ మెకానిక్‌ని. పంకాలు అటూ ఇటూ మార్చింది మా బృందమే. మళ్ళీ పరిగెత్తించినప్పుడు చక్రాలు నేల వదిలిన క్షణం నేనింకా మర్చిపోలేదు. బోర్డువాళ్ళు నన్నడక్కుండా ఇచ్చేశారు. రేపు పొద్దున ట్రక్కొస్తుంది." ఖాళీ కెచప్ పొట్లం మడిచాడు. "వాసుకి నిజంగా సంకెళ్ళు వేస్తారా?"

"నాలుగింటికి."

"శుక్రవారం అతని ప్రమాణం కదా. నన్ను సాక్షిగా పిలిచాడు. మిస్టర్ నారాయణ, మీతో ఒక మాట..."

తలుపు ధడేలుమని తెరుచుకుంది. "ఫోన్ జేసుకోవాలె, జర లెవ్వుండ్రి," అన్నాడు శ్యామ్‌సుందర్. మొదట తెలుగులో, తరువాత ఇంగ్లీషులో. కల్నల్ కుర్చీలోంచి లేచాడు. చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోయింది.

యజ్ఞనారాయణ ఫోటోను గోడమీంచి తీసి పట్టుకుని కుడి పంకా దగ్గరికి నడిచాడు. దాని రెక్కల మొదళ్ళలోనూ పసుపు ఉంది, మధ్యలో ఎర్రటి బొట్టు ఉంది. నాలుగు రెక్కలకీ నాలుగు. డెప్యూటీ ఒకదాన్ని లాబ్ కోసం సగం గీకాడు. యజ్ఞనారాయణ ఒక కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఊరికే చూస్తూ అయిదు నిమిషాలు కూచున్నాడు.

"నిద్రొచ్చిందా అన్నా?" అన్నాడు ఫోన్ ముగించుకొచ్చిన శ్యామ్‌సుందర్.

"ఇలా రా తమ్ముడూ. కళ్ళద్దాలు తీసి రా."

హ్యాంగర్ తలుపు సందులోంచి ఒక చీమలబారు బయల్దేరింది. కాంక్రీటు మీద సన్నగా, తాడు పరిచినట్టు సాగి, చక్రం ఎక్కి, దాని పైనున్న ఇనపకాలు పట్టుకుని, రెక్క అంచున నడిచి, ముక్కు మీదుగా కుడి పంకాకి చేరింది. నాలుగు బొట్ల చుట్టూ చీమలు తిరునాళ్ళలో మూగినట్టు మూగి ఉన్నాయి.

"అయితే ఏంది?"

"ఎడమ పంకా చూడు."

శ్యామ్‌సుందర్ చూశాడు. అక్కడా నాలుగు బొట్లున్నాయి. ఒక్క చీమ కూడా లేదు.

"మీ అమ్మ నుదుటిమీద ఎప్పుడైనా చీమలు పాకాయా?"

శ్యామ్‌సుందర్ నవ్వు ఆగిపోయింది. యజ్ఞనారాయణ లేచి, రెండు చీమల్ని మర్యాదగా ఊది పక్కకి తప్పించి, బొట్టును వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఆగండి! అది సాక్ష్యం!" డోబ్స్ పరిగెత్తుకొచ్చాడు. "కోడిరక్తం!"

"టమాటా," అన్నాడు యజ్ఞనారాయణ. "కొంచెం వినిగరు. కావలసినంత పంచదార. కింద పసుప్పచ్చగా ఉన్నది మీరు హాట్‌డాగ్ మీద రాసుకునే ఆవపిండి. మీరూ రుచి చూడండి, మధ్యాహ్నం ఏమీ తినలేదన్నారుగా."

డోబ్స్ ఒకసారి సంకెళ్ళకేసి, ఒకసారి బొట్టుకేసి చూశాడు. చిటికెనవేలితో కొద్దిగా తీసుకున్నాడు. నాకాడు. మొహంలో భయం పోయి ఆకలి వచ్చింది.

"కెచప్," అన్నాడు నీరసంగా.

"ఇప్పుడు టైమ్ చూసుకోండి. ఆదివారం పదకొండున్నరలోపు ఈ వాసుదేవరావుగారు పెట్టింది పసుపూ కుంకుమా. అవి అసలు పంకా మీద ఉన్నాయి, దాంతోపాటే పోయాయి. కొత్తది బిగించినవాడికి గుండె గుభేలుమంది. బొట్టు లేకపోతే మార్చిన సంగతి తెలిసిపోతుంది. ఫోటో చూసి అలాగే దిద్దాననుకున్నాడు. పసుపూ కుంకుమా వాడి దగ్గరెక్కడివి? వంటింట్లో ఉన్నవే వాడాడు. పూజ చేసిన మనిషైతే ఇంట్లో డబ్బాడు కుంకుమ పెట్టుకుని కెచప్‌తో బొట్టు దిద్దుతాడా?"

"తొందరల దిద్దిండేమో!" అన్నాడు శ్యామ్‌సుందర్.

"దిద్దితే ఉంగరపు వేలితో దిద్దుతాడు. ఈ బొట్టు సైజు చూడు." ఫోటోను పక్కన పెట్టాడు. ఫోటోలోది గురివిందగింజ. ఇక్కడిది పావలాబిళ్ళ. "ఇది బొటనవేలు. ఆవపిండిలో గీతలు కూడా పడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ బొట్టు పెట్టనివాడు దిద్దిన బొట్టిది. డెప్యూటీగారూ, మీకు వేలిముద్ర దొరికింది. నిమ్మకాయలు నాకిచ్చెయ్యండి, పులుసులో పిండుకుంటాం."

డోబ్స్ చాలాసేపు చీమలకేసి చూశాడు. అంత సాక్ష్యం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ వరసలో నడిచిరాలేదు. చివరికి సంకెళ్ళు నడుముకి తగిలించుకున్నాడు.

"వేలిముద్ర తేలేదాకా ఆగుతాను," అన్నాడు. "కానీ అసలు పంకా కనబడాలి. అది ఎవరి దగ్గర దొరికితే వాణ్ణి మాత్రం వదలను. బోర్డు చైర్మన్‌కి మాటిచ్చాను."

వాసుదేవరావు చెక్కపెట్టె మీంచి, నడుం పట్టుకుని అయినా, సొంతంగా లేచాడు. శ్యామ్‌సుందర్ పుస్తకం జిప్పు మెల్లిగా మూశాడు.

"మంచిగ కొట్టినవు అన్నా," అన్నాడు. "కెచప్ ఉన్నోణ్ణి పట్టాలంటే దేశం మొత్తం జైల్ల ఎయ్యాలె, అదొక్కటి యాదికుంచుకో." అని అద్దాల గదిలోకి నడిచాడు.

మూడూ ఇరవై అయిదు. హ్యాంగర్ గోడకున్న ఫోన్ మోగింది. యజ్ఞనారాయణ తీశాడు.

"అన్నయ్యగారూ, నేను శారదని. మావారిని పట్టుకుపోయారా?"

"లేదమ్మా, గండం గడిచింది."

"అమ్మయ్య! నేను ఇందాకణ్ణుంచీ దేవుడి ముందునుంచి లేవలేదు. సరే గానీ అన్నయ్యగారూ, ఒక సంగతి, ఆయనతో అనకండి. సర్‌ప్రైజట. ఆ కల్నల్‌గారు సోమవారం సాయంత్రం ట్రక్కులో ఒక పెద్ద ఫ్యాను తెచ్చి మా గరాజ్‌లో పెట్టి వెళ్ళారు. గురువారం దాటాక వచ్చి వాసుకి నేనే చెప్తానన్నారు. పాపం, చెమటలు కక్కుతున్నారు. పులిహోర పెడితే జేబులోంచి కెచప్ తీసి కలుపుకున్నారు."

యజ్ఞనారాయణ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఎలాంటి ఫ్యానమ్మా?"

"నాలుగు రెక్కలు. ఒక్కోటి నాకన్నా పొడుగుంది. సీలింగుకి ఎలా బిగిస్తారో ఏమో. చోటు దండగెందుకని చీరలు ఆరేశాను, మావారి కంటపడలేదు. ఇంతాచేసి దానికి పసుపూ కుంకుమా కూడా పెట్టి తెచ్చారండీ. అచ్చం మావారు పెట్టినట్టే ఉన్నాయి బొట్లు!"

"వాటికి చీమలు పట్టాయా?"

"కుంకుమకి చీమలెందుకు పడతాయన్నయ్యగారూ?"

లైన్లో ఎవరో గాలి పీల్చిన చప్పుడయింది. ఆ వెంటనే 'టక్'మంది. ఎవరో ఫోన్ పెట్టేశారు.

యజ్ఞనారాయణ తల తిప్పాడు. అద్దాల గదిలో శ్యామ్‌సుందర్ రెండో ఫోన్ మీదినుంచి చెయ్యి తీస్తున్నాడు. అతని ముందు కల్నల్ కుర్చీ ఖాళీగా ఉంది. బయట ట్రక్కు స్టార్టయిన చప్పుడు, గులక మీద చక్రాలు జారిన చప్పుడు.

సంగతి తేటతెల్లమే. పంకా దొరికినవాణ్ణి వదలనన్న డోబ్స్ మాట విని, కల్నల్ దాన్ని గరాజ్‌లోంచి తీసెయ్యడానికే బయల్దేరాడు. కల్నల్ ముందు చేరితే పంకా మాయమవుతుంది, వాసుదేవరావు మీద అనుమానం జీవితాంతం మిగిలిపోతుంది. డెప్యూటీ ముందు చేరితే పంకా వాసుదేవరావు గరాజ్‌లోనే, ఆయన పెట్టిన బొట్లతో, ఆయన భార్య చీరల కింద దొరుకుతుంది. ఇక్కడ బొట్లే ఆయన్ని కాపాడాయి, అక్కడ బొట్లే ఆయన పీక పట్టుకుంటాయి.

"ఎవరు ఫోన్‌లో?" అన్నాడు డోబ్స్. "మిసెస్ వాసునా? ఏమంటోంది?"

యజ్ఞనారాయణ ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పడానికి లేదు, అబద్ధమింకా సిద్ధంగా లేదు. డెప్యూటీ అద్దాల గదిలోంచి బయటికొచ్చిన శ్యామ్‌సుందర్ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. మీది కూడా అదే భాష కదా."

శ్యామ్‌సుందర్ నల్లకళ్ళద్దాలు తీశాడు. వాసుదేవరావుకేసి చూశాడు. అమాయకంగా, శుక్రవారం కోసం సూటు ఇస్త్రీ చేయించాలన్న ఆలోచనతో నిలబడి ఉన్నాడాయన.

"పులిహోర చేసిందట," అన్నాడు శ్యామ్‌సుందర్ ఇంగ్లీషులో. "నిమ్మకాయతో చేసిన అన్నం. ఇక్కడి పని అయిపోయింది గదా, భోజనానికి రమ్మంటోంది." తరువాత పెదాలు కదపకుండా తెలుగులో అన్నాడు, "అన్నా, నీ కారు పనికిరాదు, నా కార్ల పోదాం. ఆ ముసలోని కన్న ముందుగాల పోవాలె. ఇది దోస్తీ గాదు, దొంగను పట్టింది నేనని రాస్త."

"రాసుకో నాయనా, ముందు నడు!"

ఇద్దరూ గుమ్మం దాకా పరుగెత్తారు.

"ఆగండి!"

డెప్యూటీ హ్యాంక్ డోబ్స్ టోపీ పెట్టుకుంటున్నాడు. ఒక చేత్తో వాసుదేవరావు భుజం ఆప్యాయంగా పట్టుకున్నాడు. రెండో చేతిలో నిమ్మకాయల సంచులున్నాయి.

"నిన్నటినుంచీ ఈయన్ని నిష్కారణంగా బాధపెట్టాను. నేనే స్వయంగా ఇంటి దగ్గర దింపి ఆమెకు క్షమాపణ చెప్తాను. నా కౌంటీ దాటితే నాకు అధికారం లేదనుకోండి, కానీ ఆకలికి కౌంటీలేమిటి?" అంటూ కారెక్కాడు. "మీరు నా వెనకే రండి. సైరన్ వేస్తాను, గంటలో అక్కడుంటాం. గరాజ్ ముందే ఆపనా వాసూ?"